మడమ తాళం

విల్యా కాళ్ళకు మే నెల మొదట్లో తిక్క పట్టుకుంది. పగలంతా అవి బుద్ధిగానే ఉండేవి. పోస్టు బండి నడిపినా, దిగి ఇంటింటి పెట్టెలో ఉత్తరాలు వేసి వచ్చినా చెప్పిన మాట వినేవి. సాయంత్రం తిండి తిని కుర్చీలో వెనక్కి వాలిందో లేదో, మోకాళ్ళ కింద మొదలయ్యేది. అది నొప్పి కాదు, దురద కాదు, తిమ్మిరీ కాదు. ఎముకల లోపల ఎవరో చేరి 'లే, లే' అని గిల్లుతున్నట్టు ఉండేది. లేచి నాలుగడుగులు వేస్తే పోయేది, కూర్చుంటే మళ్ళీ వచ్చేది. ఇక పడుకున్నప్పటి సంగతి చెప్పనే అక్కర్లేదు.

కడుపులో ఐదో నెల బిడ్డ. ఇలాంటి సమయంలో నిద్ర సరిగా పట్టదని అందరూ అంటారు గానీ, మరీ ఇంతగానా అని విల్యాకు ఏడుపొచ్చేది. పైగా వేసవి. ఉత్తర ధ్రువానికి దగ్గరైన ఆ దేశంలో వేసవి రాత్రికి చీకటి పడదు కాబట్టి, గోడ మీద ఎండ చారను చూస్తూ ఈ గది నుంచి ఆ గదికి తిరుగుతూనే తెల్లారిపోయేది.

మొగుడు ఓట్సో మంచివాడే. ఎవరి దుప్పటి వాళ్ళకున్నా కాళ్ళకు సరిహద్దులు తెలియవు కదా. పిక్కల మీద తన్నులు తిని తిని, పదో రోజున దిండు చంకన పెట్టుకుని ఆవిరి స్నానం గదిలోని చెక్క బల్ల మీదికి మకాం మార్చాడు.

"అలిగి పోతున్నావా?" అంది విల్యా.

"అలకెందుకే? ప్రాణభయం," అన్నాడు ఓట్సో, పిక్క రుద్దుకుంటూ.

ఊళ్ళో తలా ఒక వైద్యం చెప్పారు. సరస్సులో మోకాలి లోతున నిలబడమన్నారు ఒకరు. నిలబడితే బాగానే ఉండేది, ఒడ్డెక్కిన అరగంట దాకా. ఉన్ని మేజోళ్ళలో బర్చ్ చెట్టు ఆకులు కుక్కుకుని పడుకోమన్నారు ఇంకొకరు. ఆ రాత్రి ఇల్లంతా కరకరలాడుతూ తిరుగుతుంటే పిల్లి బెదిరిపోయి రెండు రోజులు గుమ్మం తొక్కలేదు.

అయినా విల్యా అసలు భయం నిద్ర గురించి కాదు, చుక్కాని గురించి.

లెపిక్కో ఊరికి ఒక చర్చి పడవ ఉంది. వెనకటి రోజుల్లో ఆదివారం ఊరంతా ఎక్కి సరస్సు దాటి ప్రార్థనకు పోయే పొడుగాటి చెక్క పడవ. ఇప్పుడు చర్చికి ఎవరి కారులో వాళ్ళు పోతారు, వెళ్ళేవాళ్ళు. పడవ మాత్రం ఏటా జూలై మూడో ఆదివారం అవతలి ఒడ్డు కల్లియో వాళ్ళతో పందేనికి దిగుతుంది. పధ్నాలుగు తెడ్లు, వెనకాల ఒక చుక్కాని. ఆ చుక్కాని ఐదేళ్ళుగా విల్యా చేతిలో ఉంది. అంతకుముందు పందొమ్మిదేళ్ళు ఓట్సో బాబాయి రౌనో పట్టాడు. పందొమ్మిదేళ్ళలో లెపిక్కో ఒక్కసారి కూడా గెలవలేదు. అయినా తప్పు తెడ్లదేనని రౌనో ఇప్పటికీ నమ్ముతాడు.

పోయిన ఏడు ఒక్క పడవ పొడవు తేడాతో ఓడిపోయారు. ఆ రోజే విల్యా ఒక లెక్క వేసుకుంది. సరస్సులోని దీవికీ, గొర్రెరాళ్ళనే బండల గుంపుకీ నడుమ ఒక సందు ఉంది. రాళ్ళ భయంతో అందరూ చుట్టు తిరిగి వస్తారు. సందులోంచి పోతే నూటయాభై గజాలు కలిసొస్తుంది. శీతాకాలంలో సరస్సు గడ్డకట్టాక, ప్రతి ఆదివారం మంచు మీద నడిచి వెళ్ళి, చేపలు పట్టేవాళ్ళు మంచు తొలిచే బరమాతో బొక్కలు పెట్టి, తాడుకు రాయి కట్టి లోతు చూసింది. ఎక్కడ పడవ అడుగు తగులుతుందో, ఎక్కడ తగలదో జానెడు తేడా లేకుండా మనసులో గీసుకుంది. చేతులు కొంకర్లు పోయేంత చలిలో డెబ్బై నాలుగు బొక్కలు పెట్టింది. ఆ సందులోంచి ఊరి పడవను తన చేతులతో దాటించాలి. ఈ ఏటికి అది తప్ప ఇంకేం అక్కర్లేదనుకుంది.

చుక్కాని పట్టేవాళ్ళు చేయాల్సిందల్లా గంటసేపు కదలకుండా కూర్చోవడం. వెనక బరువు ఇటూ అటూ జరిగితే పడవ ఊగుతుంది, తెడ్లు తప్పుతాయి. విల్యా కాళ్ళు ఒప్పుకోనిది సరిగ్గా ఆ ఒక్క పనికే.

ఆరోగ్య కేంద్రంలో గర్భిణులను చూసే నర్సు సిర్కు రక్తం తీయించింది. "ఒంట్లో ఇనుము నిల్వ ఎనిమిదే ఉంది. ముప్పై అయినా ఉండాలి. కాళ్ళ గోలకు కారణం అదే అయ్యుంటుంది. పూటకొకటి చొప్పున రోజుకు రెండు మాత్రలు వేసుకో. కాఫీ రెండు కప్పులు దాటొద్దు," అంది.

రోజుకు ఏడు కప్పులు తాగే మనిషి విల్యా. అయినా ఆ రోజు నుంచే రెండుకు దిగింది. ఈ త్యాగానికి సాక్షి అత్తగారు మార్కెట్టా. పెరటి దారి దాటితే ఆమె ఇల్లు. కోడలి మాత్రల బాధ్యత మార్కెట్టా తలకెత్తుకుంది. పొద్దున ఏడింటికి ఒక చేత్తో మాత్ర, ఇంకో చేత్తో పొగలు కక్కే కప్పుతో గుమ్మంలో నిలబడేది. సాయంత్రం ఐదింటికి మళ్ళీ అదే.

"మింగు పిల్లా. రెండు మాత్రలు, రెండు కప్పులు. లెక్క ఎంత కుదిరిందో చూడు."

మాత్రల పెట్టెలో వచ్చిన కాగితాన్ని మార్కెట్టా మొదటి రోజే ఆవిరి గది పొయ్యి అంటించడానికి వాడేసింది. ఆ ఇంట్లో ఏ కాగితమైనా చివరికి చేరేది ఆ పొయ్యిలోకే.

నాలుగు వారాలు గడిచాయి. కాళ్ళు ఇంకా ముదిరాయి తప్ప తగ్గలేదు.

జూన్ నడుమ ఒక సాయంత్రం పడవ సాధనలో ఆ సంగతి అందరికీ తెలిసిపోయింది. తెడ్డు వేసేవాళ్ళు వెనక్కి తిరిగి కూర్చుంటారు కాబట్టి, చుక్కానికి దగ్గరి బల్ల మీది రౌనోకు ఎదురుగా ఉండేది విల్యానే. ఆమె పళ్ళు బిగించడం, తొడలు నొక్కుకోవడం, వేళ్ళు ముడవడం అన్నీ అతను చూస్తూనే ఉన్నాడు. గొర్రెరాళ్ళ దగ్గరికి వచ్చేసరికి విల్యా ఓర్చుకోలేక ఒక్కసారిగా లేచి నిలబడింది. పడవ పక్కకు ఒరిగింది. అడుగున రాయి కర్రుమని గీసుకుంది.

ఒడ్డుకు వచ్చాక రౌనో పడవ అడుగును చేత్తో తడిమి చూశాడు. వేలెడు గీత.

"అమ్మాయ్, నీ మీద కోపం కాదు," అన్నాడు. కోపమే. "వట్టి మనిషివి కాదు. ఇంట్లో హాయిగా కూర్చోరాదూ?"

"ఇంట్లోనూ కూర్చోలేనుగా బాబాయ్, అదేగా నా ఖర్మ!"

"మరి కూర్చోలేనిదానికి కూర్చునే పనెందుకు? చుక్కాని ఇటివ్వు, ఈ ఏటికి నేను పడతా."

"నువ్వు పడితే దీవిని చుట్టి పొరుగూరు దాకా తీసుకెళ్ళి తెస్తావు," అని వెనక నుంచి ఓట్సో గొణిగాడు. పడవ వాళ్ళలో సగం మంది నవ్వారు, సగం మంది నవ్వలేదు. నవ్వనివాళ్ళు ఎవరెవరో విల్యా లెక్కపెట్టుకుంది.

చివరికి తీర్పు ఇదీ. పందేనికి ముందు వారం ఆఖరి సాధన. ఆ గంటసేపూ విల్యా లేవకుండా కూర్చుంటే చుక్కాని ఆమెది. ఒక్కసారి లేచినా రౌనోది.

మర్నాడే విల్యా మళ్ళీ సిర్కు దగ్గరికి వెళ్ళింది. మార్కెట్టా వెంట వచ్చింది, పిలవకుండానే. మళ్ళీ తీసిన రక్తంలో ఇనుము తొమ్మిది ఉంది. ఎనిమిది నుంచి తొమ్మిది.

"నాలుగు వారాలకు ఒక్క అంకేనా?" సిర్కు కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టుకుంది. "నిజంగా వేసుకుంటున్నావా?"

"ఒక్క పూట తప్పితే ఒట్టు!" అంది మార్కెట్టా, రోషం పొడుచుకొచ్చి. "నేనే దగ్గరుండి మింగిస్తున్నా."

"దేంతో మింగిస్తున్నావ్?"

"ఇదిగో దీంతో." మార్కెట్టా సంచిలోంచి ఫ్లాస్కు తీసి నర్సు బల్ల మీద టక్కున పెట్టింది. మూత తిప్పగానే గదంతా ఘుమఘుమలాడింది. "చిక్కగా కాచా. పాలు దండిగా పోశా. బలం కదా!"

సిర్కు కాసేపు ఫ్లాస్కును చూసింది. తర్వాత మార్కెట్టాను చూసింది. ఆ తర్వాత రెండు చేతుల్లో ముఖం దాచుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో ఇద్దరికీ అర్థం కాలేదు.

"కాఫీ, పాలు రెండూ ఇనుమును ఒంటికి పట్టనివ్వవు తల్లీ. మీరు మింగిన మాత్రలన్నీ అటు మింగి ఇటు పారేసినట్టే. ఈ ముక్క నేను మొదటి రోజే చెప్పా."

"చెప్పలేదు," అన్నారు అత్తాకోడళ్ళు ఒక్క గొంతుతో. ఆ ఏడాదిలో వాళ్ళిద్దరూ ఏకమైన మొదటి మాట అదే.

"చెప్పా. పెట్టెలో కాగితంలో కూడా ఉంటుంది."

మార్కెట్టాకు ఆవిరి గది పొయ్యి గుర్తొచ్చి, ఫ్లాస్కు మూత బిగించడం మొదలెట్టింది.

"సరే, విను. మాత్ర పరగడుపున, పుల్లటి రసంతో. ముందు గంట, తర్వాత రెండు గంటలు కాఫీ వాసన కూడా తగలకూడదు. సాయంత్రం కాఫీ అసలే వద్దు, అది కాళ్ళను ఇంకా రెచ్చగొడుతుంది. పడుకోబోయే ముందు కాస్త నడక, పిక్కలు మర్దన. నాలుగు వారాలు ఓపిక పట్టు."

"నాలుగు వారాలకు సరిగ్గా పందెం," అంది విల్యా.

"అయితే మాత్రల దగ్గర నువ్వూ గట్టిగా తెడ్డు వెయ్యి," అంది సిర్కు.

తిరుగు దారిలో కారు నడుపుతున్నది మార్కెట్టానే. చెరువు మలుపు దగ్గర బండి పక్కకు తీసి ఆపేసింది. స్టీరింగ్ మీద రెండు చేతులూ అలాగే ఉంచింది.

"నెల రోజులు నీ నిద్ర చెడగొట్టింది ఆ పొట్టలో ఉన్నది కాదు, నేను," అంది. "ఎంత ప్రేమగా కాచానో!"

విల్యాకు ఒక్క క్షణం నిజంగా ఒళ్ళు మండింది. మెలకువగా గడిపిన రాత్రులన్నీ కళ్ళ ముందు తిరిగాయి. కానీ పక్కన ఆ పెద్ద మనిషి గడ్డం వణకడం చూశాక కోపం నిలవలేదు. "తాగింది నేనేగా మార్కెట్టా. చిక్కగా ఉందని మెచ్చుకుని మరీ తాగా," అంది.

మార్కెట్టా ముక్కు చీదింది. "నువ్వు తేరుకునేదాకా నేనూ ముట్టను."

"ఏది?"

"కాఫీ."

విల్యా తలతిప్పి చూసింది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, పద్నాలుగో ఏట మొదలెట్టిన కాఫీ. భర్త పోయిన రోజున కూడా వచ్చిన వాళ్ళందరికీ కాచి పోసి, ఆఖరి కప్పు తాను తాగి, అప్పుడు ఏడ్చిన మనిషి. "అంత మాటనకు, తట్టుకోలేవు," అంది విల్యా. మార్కెట్టా బండి కదిలించింది.

ఆ రోజు నుంచి ఏడింటికి గుమ్మంలో కప్పు బదులు గ్లాసు కనిపించసాగింది. పోయిన శరదృతువులో అడవిలో ఏరి నేలమాళిగలో దాచిన లింగన్ పళ్ళ రసం, ఎర్రగా, ముఖం మెలి తిరిగిపోయేంత పుల్లగా. మార్కెట్టా కూడా ఒక గ్లాసు తాగేది. మొదటి వారం ఆమెకు తలనొప్పి వచ్చి, పక్కింటి కుక్కతో సహా అందరినీ తిట్టింది. కోడలికి కాళ్ళ పిచ్చి, అత్తకు కాఫీ పిచ్చి అని ఊరు నవ్వుకుంది.

కాఫీ వద్దని చెప్పడం విల్యాకు మాత్రం తేలికా? ఉత్తరం ఇచ్చిన ప్రతి ఇంట్లోనూ, ఒక కప్పు తాగి పో అంటారు. వద్దంటే ముఖాలు మాడ్చుకుంటారు. వారంలో సగం ఊరితో తగువు పెట్టుకున్నంత పనైంది. చివరికి మార్కెట్టా ఒక అట్టముక్క మీద 'మాత్ర వేసుకుంది, కాఫీ పోయకండి' అని రాసి పోస్టు బండి అద్దానికి అతికించింది.

ఓట్సో రోజూ సాయంత్రం ఆమె పిక్కలు మర్దన చేసేవాడు. తెడ్డు వేసే చేతులు, గట్టివి. పని ముగించుకుని దిండుతో ఆవిరి గదికి వెళ్ళిపోయేవాడు.

సాధన మాత్రం ఆగదు కదా. లేచి నిలబడకుండా ఉండాలంటే ఏదో ఒకటి చేయాలి. గిల్లుడు మొదలవగానే విల్యా కుడి మడమతో పడవ అడుగు చెక్కను తన్నడం మొదలెట్టింది. ధన్, ధన్, ధన్. అలా తంతూ ఉంటే కాలికి కాస్త తెరిపిగా ఉండేది.

"ఏంటా తన్నుడు? పడవనుకున్నావా, పిండిమర అనుకున్నావా?" అనేవాడు రౌనో.

"కూర్చునే ఉన్నాగా బాబాయ్."

"కూర్చుని తన్నే గుర్రాన్ని నేనెక్కడా చూళ్ళేదు."

రౌనో విసుక్కుంటూనే ఉన్నాడు. తన్నుడు ఆగలేదు. ఆఖరి సాధన రోజున గంటసేపూ విల్యా సీటు వదల్లేదు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా, మడమ కందిపోయినా లేవలేదు. సందులోంచి పడవను దారం సూదిలో పెట్టినట్టు దాటించింది. దిగాక రౌనో తిన్నగా సైకిలెక్కి వెళ్ళిపోయాడు. చుక్కాని ఆమెదే అని ఇక ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

ఆ వారంలోనే విచిత్రం జరిగింది. గిల్లుడు పలచబడింది. మంగళవారం మూడు గంటలు ఏకధాటిగా నిద్రపట్టింది. గురువారం ఐదు గంటలు. శనివారం రాత్రి ఓట్సో దిండు మళ్ళీ మంచం మీదికి చేరింది, ఒక్క తన్నూ పడలేదు. ఆదివారం పొద్దున మార్కెట్టా గ్లాసుతో వచ్చి తలుపు కొడితే గానీ విల్యాకు మెలకువ రాలేదు. తొమ్మిది గంటల నిద్ర! అద్దంలో ముఖం చూసుకుని ఎవరో చుట్టం వచ్చిందనుకుంది.

పదింటికి పందెం. రక్షణ చొక్కా పొట్ట మీద బిగియక, ఓట్సో తన బెల్టు తీసి రెండు వైపులా కలిపి కట్టాడు. విల్యా చుక్కాని దగ్గర కూర్చుంది. కాళ్ళు చాపుకుంది. అవి గొర్రెపిల్లల్లా పడి ఉన్నాయి. ఆ సుఖానికి ఆమెకు పాట పాడాలనిపించింది.

తుపాకీ పేలింది. పడవలు కదిలాయి.

రెండు నిమిషాల్లోనే ఏదో తేడా కొట్టింది. తెడ్లు కలవడం లేదు. ఎడమ వైపు నాలుగోది ముందు పడుతోంది, కుడి వైపు ఆఖరిది వెనకబడుతోంది. తెడ్డు తెడ్డుకు తగిలి టకటకమంటోంది. నెల రోజులుగా ఒక్కటిగా కదిలిన పధ్నాలుగు మంది, ఈ రోజే ఎక్కినవాళ్ళలా తడబడుతున్నారు. కల్లియో పడవ ఒక పొడవు ముందుకెళ్ళింది. తర్వాత రెండు.

విల్యా గొంతు చించుకుని అరిచింది. లాభం లేదు. ఇన్నాళ్ళ చలి, ఇన్నాళ్ళ జాగారం అన్నీ నీళ్ళపాలయ్యేలా ఉన్నాయి. ఎదురుగా రౌనో ముఖం ఎర్రబడింది. అతను ఆమె ముఖం వంక కాదు, కిందికి చూస్తున్నాడు.

"కాలేది?" అని అరిచాడు.

"ఏ కాలు?"

"నీ పిచ్చి కాలే! ఎందుకు ఊరుకుంది?"

"తగ్గిపోయింది బాబాయ్! రాత్రి తొమ్మిది గంటలు పడుకున్నా!"

"ఇవాళే తగ్గాలా? మేమంతా దాని మీదే కదా తెడ్డు వేస్తున్నాం!" రౌనో నోట్లోకి జారిన చెమట ఉమ్మి అరిచాడు. "తన్నవే తల్లీ, నీకు పుణ్యముంటుంది, తన్ను!"

విల్యా తన్నింది. ధన్. తిక్కతో కాదు ఈసారి, తెలిసి తన్నింది. ధన్. చెక్కలోంచి ఆ దెబ్బ పధ్నాలుగు జతల అరికాళ్ళకు చేరింది. ధన్. ఎడమ నాలుగోది సర్దుకుంది, కుడి ఆఖరిది అందుకుంది. పడవ ఒక్కసారి ఊపిరి పీల్చుకుని ముందుకు దూకింది. కడుపులోని బిడ్డ కూడా ఉలిక్కిపడి లేచి, లోపలి నుంచి తన వంతు తన్నడం మొదలెట్టింది.

గొర్రెరాళ్ళు వచ్చాయి. కల్లియో వాళ్ళు ఎప్పటిలాగే చుట్టు దారి పట్టారు. విల్యా చుక్కాని తిప్పింది. ముప్పై ఒకటో బొక్క, నలభయ్యోది, యాభై రెండోది. నీళ్ళ కింద రాళ్ళు పచ్చగా మెరుస్తూ అటూ ఇటూ జారిపోయాయి. పడవకు ఒక్కటీ తగల్లేదు. సందు దాటి బయటపడేసరికి కల్లియో పడవ లెపిక్కో వాళ్ళ వెనకుంది.

అర పడవ పొడవుతో గెలిచారు. పాతికేళ్ళ తర్వాత.

ఒడ్డున మార్కెట్టా ఫ్లాస్కు పట్టుకుని నిలబడి ఉంది. ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రగా ఉంది. "మాత్ర ఏడింటికి వేసుకున్నావ్," అంది గడియారం చూస్తూ. "ఇప్పుడు పదకొండు దాటింది. తాగొచ్చు." రెండు కప్పుల్లో పోసింది. ఒకటి కోడలికిచ్చి, రెండోది తాను పట్టుకుంది. నాలుగు వారాల తర్వాత మొదటి గుక్క. కళ్ళు మూసుకుంది.

రౌనో వచ్చి పక్కన గడ్డి మీద కూలబడ్డాడు. చేతులకు బొబ్బలు లేచాయి. నడుం పట్టుకుని మూలిగాడు.

"వచ్చే ఏటికి బిడ్డకు పది నెలలుంటాయి," అన్నాడు నీళ్ళ వైపు చూస్తూ. "నువ్వు పడవెక్కితే ఎవరో ఒకరు పట్టుకోవాలిగా. నేను పడతా."

విల్యా కప్పు దించింది. నవ్వు ముఖం మీదే ఆగిపోయింది. "చుక్కానినా బాబాయ్?"

"చుక్కాని కాదే," అన్నాడు రౌనో. "బిడ్డని."